బావగారి పంజరం, నా కొబ్బరి పీచు

మా అమ్మాయి ల్యాబులో పిట్ట ఈ రోజు పాడిందండీ. పిట్టలు పాట ఎలా నేర్చుకుంటాయో చూడడం దాని పరిశోధన. నెల రోజులుగా ఆ పిట్ట నోరు విప్పకపోతే పిల్ల దిగులుపడిపోయింది. మా ఆవిడ అన్నగారు వడ్రంగి పని తెలిసినవారు, కొత్త పంజరం చేసి పంపారు. అందులో గూటికి కొబ్బరి పీచు నేను మెత్తగా విడదీసి పంపాను.

సాయంత్రం ఫోనులో, "పెదమావయ్య పంజరం భలే కుదిరిందండి నాన్నగారూ" అంది. సంతోషమూ, కడుపుమంటా నాకు ఒక్కసారే వచ్చాయి.

"పంజరం సరేనమ్మా, ఎక్కడ కూర్చుని పాడింది?" అన్నాను.

"మీ పీచు మీదేనండి. దిగనంటోంది."

ఇప్పుడు మీరే చెప్పండి, గొప్ప ఎవరిది? బావగారు ఈపాటికి పంజరం సంగతి అందరికీ చెప్పేసుంటారు. పీచు సంగతి నేను చెప్పాల్సినవాళ్ళు రాజోలు అక్కయ్య, కొత్తపేట తోడల్లుడు, ఐనవిల్లి పిన్నిగారు, అందరికన్నా ముందు మా బావగారు.