కొత్త మట్టి

బెల్మీరో సర్మెంతుకి బండి నడపడం నేర్పింది పోర్చుగల్ సైన్యమే. ఇరవై ఏళ్లు నిండగానే అందరు కుర్రాళ్లతోపాటు అతన్నీ నిర్బంధంగా పట్టుకెళ్లి, తన వలసరాజ్యమైన మొజాంబిక్ అడవుల్లో యుద్ధానికి లారీ అప్పగించింది. ఒకరోజు ముందు పోతున్న స్నేహితుడి లారీ, అప్పుడే తవ్వి పూడ్చిన మట్టి మీదికెక్కి మందుపాతరకు పేలిపోయింది. బెల్మీరో ఒంటి మీద గీత కూడా పడలేదు. అందుకే పోర్చుగల్ తిరిగొచ్చాక ఏ డాక్టరూ అతన్ని రోగి అనలేదు. దారిలో కొత్త మట్టి కనబడితే మాత్రం కాలు బ్రేకు మీద బిగుసుకుపోయేది. ఆ కాలు వల్లే రెండు ఉద్యోగాలు ఊడాయి. ఎందుకు ఆపావంటే చెప్పడానికి అతనికి సిగ్గు.

మూడోది ఈ కొండ ఊళ్ల బస్సు. ఊరికే దారిలో ఆపితే ఇంటికి పంపేస్తానని యజమాని ముందే చెప్పాడు. ఇంట్లో భార్యకి నెలలు నిండాయి.

సంత రోజున చూస్తే, నీళ్ల గొట్టాల కోసం దారికి అడ్డంగా తవ్వి పూడ్చి ఉంది. బస్సు ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇక్కడే సంత పెడదామా?" అన్నారెవరో వెనక నుంచి.

ముందు సీట్లో ఉన్న ఎతెల్వీన స్టీరింగుని బిగించి పట్టుకున్న అతని చేతులకేసి చూసింది. కోళ్లమ్ముకునే మనిషి, నోరు పెద్దది.

"మిలట్రీ ఎక్కడ చేశావు నాయనా?"

"మొజాంబిక్‌లో, అత్తా."

"మా అబ్బాయి గినీలో చేశాడు, అక్కడా ఇలాంటి యుద్ధమే. ఇప్పటికీ దున్నిన చేలో కాలు పెట్టడు. బద్ధకమనుకుని ఏడాదిపాటు నోటికొచ్చినట్టు తిట్టాను వాణ్ణి."

కోళ్ల గంప చంకనెత్తుకుని దిగి, ఆ మట్టి మీద అటూ ఇటూ తొక్కుతూ నడిచింది. "దిగండర్రా, కూర్చుని కూర్చుని బలిసిపోయారు. మీరూ తొక్కండి."

సణుక్కుంటూనే అందరూ దిగారు. మట్టి చదునైంది. బస్సు దాటింది.

ఆలస్యమెందుకైందని యజమాని అడిగితే, "నిండు బస్సు దిగబడదూ? మేమే దిగి నడిచాం" అని ఎతెల్వీన కసిరింది.

ఆ తర్వాత అదే ఆనవాయితీ అయింది. కొత్త మట్టి కనిపిస్తే ఎవరూ అడక్కుండానే దిగి తొక్కేవాళ్లు. బెల్మీరో కంటినిండా నిద్రపోయిన రాత్రులు తక్కువే, కానీ ఉద్యోగం నిలిచింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. అతన్ని తీసుకెళ్లిన ప్రభుత్వం పట్టించుకోనిది ఆ సంత జనం పట్టించుకున్నారు.

రిటైరయ్యే రోజున మళ్లీ దారి తవ్వి ఉంది. అలవాటుగా అందరూ లేచారు.

"కూర్చోండి" అన్నాడు బెల్మీరో.

తనొక్కడే దిగాడు. ఒక్కో అడుగూ ఆనించి చూసుకుంటూ ఆ మట్టి మీద అవతలి అంచుదాకా నడిచాడు. మళ్లీ దాని మీదుగానే వెనక్కి వచ్చాడు.

"అయితే ఇవాళ మాకు పని లేదా?" అంది ఎనభై దాటినా సంత మానని ఎతెల్వీన.

"లేదత్తా" అని కళ్లు తుడుచుకుని బండి కదిపాడు.