బీడీ కట్ట మీద రాజమణి రాత

బహదూర్‌పురాలో బ్యాండు మేళం సీమోను అంటే తెలియనివాళ్ళు లేరు. బరాత్ ఊరేగింపు పెళ్ళికూతురి ఇంటి ముందు ఆగాక, పెళ్ళికొడుకు గుర్రం దిగి గడప దాటేదాకా క్లారినెట్ మీద ఒకే స్వరాన్ని తెంపకుండా పట్టాలి. ఆ మేళంలో పెద్దరికమంటే అదే. పదిహేనేళ్ళుగా అది సీమోనుదే.

ఆ మధ్య సిగరెట్ డబ్బాల మీద, పొగ తాగడం ఆరోగ్యానికి చేటని సర్కారు అచ్చు వేయించింది. మిషన్ బడిలో నేర్చిన కాస్త ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివి సీమోను హడలిపోయాడు. ఆ రోజే సిగరెట్లు మానేశాడు. మానేసి, బీడీలు పట్టాడు మహానుభావుడు!

"సర్కారుకు తెల్వదా ఏంది? బీడీల చెడుంటే గా కట్ట మీద గూడ రాస్తుండె గద!" అని డోలు కొట్టే ఇశ్రాయేలుకు ఉపదేశం కూడా చేశాడు.

పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదే. రోజుకు రెండు కట్టలు. చట్టం బీడీల జోలికి రాలేదు, నిజమే. ఆ సంగతి ఊపిరితిత్తులకు ఎవరు చెప్పాలి?

ఏడాది తిరగకుండానే బార్కస్‌లో ఒక పెళ్ళిలో, పెళ్ళికొడుకు ఇంకా గుర్రం మీద ఉండగానే స్వరం తెగిపోయింది. దగ్గు. కప్పిపుచ్చబోయి ఇశ్రాయేలు డోలు దంచితే గుర్రం బెదిరి, పెళ్ళికొడుకుతో సహా రెండిళ్ళ దూరం వెనక్కి నడిచింది.

మర్నాడు మేళం యజమాని సీతారాం పిలిచాడు. "సీమోనన్నా, ఫికర్ చెయ్యకు. క్లారినెట్ వేరేటోళ్ళు వాయిస్తరు. నువ్వు తాళాలు కొట్టు. దగ్గొచ్చినా నడుస్తది."

ఆ మాట ముల్లులా దిగింది. ఇంటికొచ్చి భార్య రాజమణికి చెప్పుకుని, కన్నీళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. తిరిగొచ్చి, ఇంత జరిగినా సిగ్గులేకుండా, బీడీ కట్టకే చెయ్యి చాపాడు. దాని మీద బొగ్గుతో రాసి ఉంది: "ఇది తాగితే సీమోను తాళాలు కొట్టుకుంటడు."

"ఏందే ఇది?"

"కట్ట మీద రాసుంటెనే నమ్ముతనంటివి గద. సర్కారుకు పుర్సత్ లేకుంటే నేను లేనా?" అంది రాజమణి.

సీమోనుకు నవ్వాగలేదు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే భయమేసింది. కట్టను పొయ్యిలో పడేశాడు.

మానడమంటే మాటలా? మొదటి వారం కూరలో ఉప్పు ఎక్కువైందని, తక్కువైందని, సరిగ్గా ఉందని కూడా లొల్లి చేశాడు. బుగ్గన సోంపు పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే స్వరం పట్టి, అది ఎంతసేపు నిలుస్తుందో రాజమణి చేత అంకెలు లెక్కపెట్టించుకున్నాడు. మొదట్లో పన్నెండు. మూడు నెలలకు నలభై. అది విన్న సీతారాం అతన్ని మళ్ళీ ముందు వరసలో నిలబెట్టాడు.

షాలిబండలో బరాత్. పెళ్ళికొడుకు షేర్వానీ జీనుకు చిక్కుకుంది. నలుగురు కలిసి విడిపిస్తున్నారు. స్వరం సాగుతూనే ఉంది. ఇశ్రాయేలు డోలు మరిచి నోరు తెరిచాడు. పెళ్ళికొడుకు గడప దాటాకే సీమోను క్లారినెట్ మీంచి పెదవి తీశాడు.

పెళ్ళికొడుకు మేనమామ పొంగిపోయి, తీసుకుని తాగమని సిగరెట్ డబ్బా చాపాడు. "లో మాస్టర్, పీయో!"

సీమోను చేతులు జోడించాడు.

"మాఫ్ చెయ్ చాచా. గీ ఊపిరి మా రాజమణి లెక్కవెట్టి నిలబెట్టింది. కాలవెట్టనీకె మనసొస్తలేదు."