చెయ్యి కడుక్కుంటూ అడిగేవారు

మా సార్ పోయారన్న కబురు నాకు ఆఫీసులో ఉండగా తెలిసింది. నోవైలో ఉంటున్న పాత స్నేహితుడు ఫోన్ చేసి, పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట అన్నాడు. ఆ తర్వాత వాడే గొంతు తగ్గించి, “మరి ఆయన టీమ్ ఎవరికి పోతుందిరా?” అన్నాడు. బయటివాళ్లు వింటే మమ్మల్ని మనుషుల కింద జమ కట్టరు. సార్ విని ఉంటే మాత్రం, ఆ మాట ముందుగా నాకు తోచనందుకు నన్నే చివాట్లు పెట్టేవారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాడు మాలో ఎవడూ లేడు. డెట్రాయిట్ పక్కన నోవైలో కారు బ్రేకులు తయారుచేసే ఒక కంపెనీలో మా డిపార్ట్‌మెంట్‌కి ఆయన మేనేజర్. నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరడానికి వచ్చిన రోజున ఎయిర్‌పోర్ట్‌కి ఆయనే వచ్చారు. నా పల్చటి కోటు చూసి ఏమీ అనకుండా తన కోటు విప్పి ఇచ్చారు. అపార్ట్‌మెంట్ చూసిపెట్టారు, మంచులో కారు నడపడం నేర్పారు, నేను రాసిన మొదటి రిపోర్ట్‌ని ఎర్ర పెన్నుతో రక్తసిక్తం చేసి మళ్లీ రాయించారు. ఇవన్నీ ముందే చెప్తున్నాను. తర్వాత చెప్పబోయేవి చదివి ఎవరూ ఆయన్ని తక్కువ అంచనా వెయ్యకూడదని.

మా అమెరికన్ కొలీగ్స్‌కి ఒక ఫుట్‌బాల్ లీగ్ ఉండేది, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. అసలు ఆటగాళ్లను కాగితం మీద పంచుకుని, ఆదివారం వాళ్లు బంతిని అవతలి గీత దాటించి చేసిన టచ్‌డౌన్లకి పాయింట్లు వేసుకునేవాళ్లు. సార్ ఒక సీజన్ పాటు వాళ్ల పక్కన కూర్చుని గమనించి, ఎనిమిది మంది తెలుగు ఇంజనీర్లతో మాకూ ఒకటి పెట్టారు. వాళ్ల లీగ్‌లో ఏటా టీములు కొత్తగా పంచుకుంటారు. సార్ దానికి ఒప్పుకోలేదు. మన లీగ్‌లో ఒకసారి తీసుకున్న ఆటగాడు, వాడు ఆట మానేసేదాకా మనవాడే, లేదంటే ఇంకొకరితో ఆటగాడికి ఆటగాణ్ణి ట్రేడ్ చేసుకోవాలి అన్నారు. చేరినవాడు మానెయ్యడానికి కూడా వీల్లేదు. మాలో ఒకడు దీనికి జమీందారీ లీగ్ అని పేరు పెట్టాడు, అదే నిలిచిపోయింది.

కాలేజీల నుంచి ఏటా వచ్చే కొత్త ఆటగాళ్లే రూకీలు. వాళ్లని వేసవిలో పంచుకునేవాళ్లం. కిందటేడు అట్టడుగున ఉన్నవాడికి మొదటి ఎంపిక. మొదటి సంవత్సరం మాలో సగం మంది చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రూకీ ఏ కాలేజీలో చదివాడో చూసి ఎంచుకున్నాం. ఒక పెద్ద యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతూ ఫుట్‌బాల్ ఆడిన కుర్రాణ్ణి నేను నా మొట్టమొదటి ఎంపికగా తీసుకున్నాను. బుద్ధిమంతుడై ఉంటాడనుకున్నాను. అయ్యే ఉంటాడు. రెండేళ్ల పాటు బెంచీ మీద బుద్ధిగా కూర్చుని, ఆ తర్వాత మానేశాడు.

“నువ్వేమన్నా పిల్లనిస్తున్నావటయ్యా వాడికి, చదువు చూడ్డానికి?” అన్నారు సార్. ఆయన ప్రతి రూకీకి ఒక కార్డ్ రాసుకునేవారు. వయసు, బరువు, మోకాలికి ఆపరేషన్ ఏమైనా అయిందా, అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ టీములో అదే స్థానంలో వాడి ముందు ఎవరెవరు ఉన్నారు. “రూకీ ఎంత మంచివాడో చూడకు, వాడికి ఆడే చోటుందా అని చూడు” అనేవారు. పేరు మోసిన పాతవాళ్ల మీద మోజు పడితే, “నిన్నటి టచ్‌డౌన్లకి ఇవాళ పాయింట్లు రావు” అనేవారు. మంగళవారం సాయంత్రాలు ఆయన బేస్‌మెంట్‌లో పేపర్ పరుచుకుని, పాయింట్లు కూడుతూ, ఆయన చెప్పేది వింటూ కూర్చునేవాళ్లం. డ్రాయింగ్ బోర్డ్ ముందు కన్నా అక్కడే ఎక్కువ నేర్చుకున్నానేమో.

ఇంతా నేర్పి, నేర్చుకున్నదాన్ని మా దగ్గరే తీసేసుకునేవారు. సార్ ట్రేడ్ ఎప్పుడూ ఫోన్లో అడగరు. ఇంటికి వస్తారు. కడుపునిండా భోంచేస్తారు. గుత్తివంకాయ మళ్లీ వేయించుకుంటారు. లేచి సింక్ దగ్గర చెయ్యి కడుక్కుంటూ, భుజం మీంచి వెనక్కి చూసి, “అన్నట్టు, ఆ కొత్త కుర్రాణ్ణి నాకిచ్చెయ్యవోయ్” అంటారు. ఇంటికొచ్చిన పెద్దమనిషి, పైగా మేనేజర్, తడి చేత్తో నిలబడి అడిగితే ఎవరు కాదంటారు? నష్టమని తెలిసే తలూపేవాళ్లం. అమెరికన్ల లీగ్‌లో ఇలాంటి ట్రేడ్ ఒక్కటి కూడా జరగదు. వాళ్లకి మొహమాటం లేదు. నాలుగేళ్లలో నా చేతుల మీదుగా ముగ్గురు మంచి రూకీలు సార్ టీములోకి వెళ్లారు. బదులుగా వచ్చినవాళ్లు కుంటుతూ వచ్చారు.

ఆటలో ఓడిపోవడం నాకు పెద్ద బాధ కాదు. ఆట బయట కూడా నేను ఆయన చేతిలోనే ఉన్నాను, అదీ నా బాధ. నా వీసా ఆ కంపెనీది. గ్రీన్ కార్డ్ కోసం పెట్టిన కాగితాలు ఆ ఉద్యోగానివి. ఉద్యోగం మారితే అన్నీ మొదటికొస్తాయి. మా ఆవిడ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్. నా వీసా మీద వచ్చింది కాబట్టి పని చెయ్యడానికి లేదు. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఆ రెండు గదుల్లో, నేను కారు తీసుకెళ్లిపోతే కాలు బయట పెట్టే దారి లేక, సోప్ డబ్బా మీద రాసిన కెమికల్స్ పేర్లు చదువుకునేది. నేను ఇంటికి రాగానే వాటి ఫార్ములాలు చెప్పేది. మొదట్లో నవ్వుకునేవాళ్లం. మూడో చలికాలానికి నవ్వు రాలేదు.

గ్రీన్ కార్డ్ రావడానికి చివరగా ఒక్క ఉత్తరం కావాలి. ఈ ఉద్యోగం ఇంకా ఉందని, ఈ మనిషి మాకు ఇంకా కావాలని మేనేజర్ రాసి ఇస్తే, కంపెనీ సంతకం పెట్టి పంపుతుంది. నేను అడిగినప్పుడల్లా సార్, “చూద్దాం, తొందరేముంది” అనేవారు. అలా రెండేళ్లు గడిచాయి. అడగడానికి ఆయన గది గుమ్మం దాకా వెళ్లి, వేరే ఏదో ఫైల్ గురించి మాట్లాడి వెనక్కి వచ్చిన రోజులు లెక్కలేనన్ని. రాత్రి మా ఆవిడ, “అడిగారా?” అనేది. బిజీగా ఉన్నారని చెప్పేవాణ్ణి. ఆయన మీద కన్నా నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేసేది.

ఒకరోజు కెఫెటీరియాలో, కంప్యూటర్ విభాగాన్ని చూసే అమెరికన్ నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. “నిన్ను మా దగ్గరికి పంపమని మీ బాస్‌ని రెండుసార్లు అడిగాను. ససేమిరా అన్నాడు. నువ్వంటే అంత నమ్మకం మరి” అని నా భుజం తట్టాడు. మెచ్చుకోలుగానే చెప్పాడు పాపం. నేను సూప్ గిన్నె పక్కకి నెట్టాను. మంచి రూకీని ఎవరడిగినా వదలకూడదని మాకు నేర్పిన మనిషి కదా. ఆయన దగ్గర నా పేరుతో కూడా ఒక కార్డ్ ఉన్నట్టే అనిపించింది.

ఆ శనివారం సార్ భోజనానికి వచ్చారు. పోయిన సీజన్‌లో అట్టడుగున ఉన్నందుకు నాకు ఒక మంచి రూకీ దొరికాడు. బంతి పట్టుకుని పరిగెత్తితే ఎవరికీ దొరకడు. సార్ తినడం ముగించారు. లేచారు. కుళాయి తిప్పారు.

“అన్నట్టు, ఆ కుర్రాణ్ణి నాకిచ్చెయ్యవోయ్. బదులు నా సీనియర్లు ఇద్దర్ని తీసుకో.”

“ఇవ్వను సార్.”

నీళ్లు అలాగే పోతున్నాయి. “ఏమన్నావ్?”

“ఇవ్వను సార్. నా ఉత్తరం కూడా మీరు రాయాలి. రెండేళ్లయింది.” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన కుళాయి కట్టేశారు. కోపం తెచ్చుకోలేదు. “రాస్తే ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కార్డ్ రాగానే రిజైన్ చేస్తావ్. నీకన్నా ముందు ముగ్గురు అలాగే వెళ్లారు. మళ్లీ ఎవణ్ణో తెచ్చుకుని మొదట్నుంచీ నేర్పాలి. నాకేం మిగుల్తుంది, చెప్పు?”

ఆయన చెప్పింది నిజమే. తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డ మా ఆవిడ అప్పుడు మాట్లాడింది.

“అన్నయ్యగారూ, మీ ఆటలో ఒకణ్ణి తీసుకుంటే బదులు ఎవరినో ఒకరిని ఇస్తారు కదా. మా ఇద్దరివీ ఐదేళ్లు తీసుకున్నారు. బదులేమిచ్చారు?”

సార్ ఆమెని చాలాసేపు చూశారు. తువ్వాలు అందుకుని ఒక్కో వేలూ తుడుచుకుని, మడత పెట్టి కుర్చీ మీద వేశారు. “పెరుగు పచ్చడి బాగుందమ్మా” అని, కోటు వేసుకుని వెళ్లిపోయారు.

తర్వాతి రెండు వారాలూ మేము పడింది పగవాడికి కూడా వద్దు. ఉద్యోగం పోతే దేశం వదలాలి. ఆయన ఆఫీసులో నాతో పని వరకే మాట్లాడారు. మంగళవారం బేస్‌మెంట్‌లో నా పాయింట్లు వేరేవాళ్ల చేత కూడించారు. మా ఆవిడ సూట్‌కేసులు కిందికి దింపి, ఏమీ సర్దకుండా అలాగే గోడకి ఆనించి ఉంచింది.

మూడో సోమవారం నా బల్ల మీద ఉత్తరం కాపీ ఉంది. మామూలుగా ఇలాంటివి నాలుగు వాక్యాల్లో ముగుస్తాయి. సార్ పూర్తిగా రెండు పేజీలు రాశారు. నేను చేసిన ప్రతి డిజైన్, దిద్దిన ప్రతి పొరపాటు, అన్నీ ఆయనకి గుర్తున్నాయి. ఈ మనిషి లేకుండా మాకు జరగదు అని ముగించారు. చదివి బాత్రూంలోకి వెళ్లి కూర్చున్నాను. ఆయన మీద ఐదేళ్లుగా దాచుకున్న కోపం ఏం చేసుకోవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

కార్డ్ వచ్చింది. ఆయన చెప్పినట్టే నేను రిజైన్ చేశాను. కాలిఫోర్నియాలో నాకు ఉద్యోగం దొరికింది, మా ఆవిడకి ఒక లాబ్‌లో పని దొరికింది. ఆమె మొదటి రోజు తెల్లకోటు వేసుకుని తీయించుకున్న ఫోటో సార్‌కి పంపితే, వెనక్కి ఒకే ఒక్క వాక్యం రాశారు: “ఈ అమ్మాయిని ముందే చూసి ఉండాల్సింది.”

కాలిఫోర్నియా వెళ్లే ముందు, నోవై ఆఫీసులో నా ఆఖరి రోజు సాయంత్రం అట్టపెట్టె పట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి వచ్చేసరికి మంచు దట్టంగా పడుతోంది. నా కారు అద్దం మీది మంచు ఎవరో గీకుతున్నారు. దగ్గరికి వెళ్తే సార్. చేతులకి గ్లవ్స్ కూడా లేవు. “ఇంజన్ వేడెక్కనీ, తొందరపడకు” అన్నారు. నేను లోపల కూర్చుని స్టార్ట్ చేశాను. ఆయన కారు ముందుకొచ్చి, బంపర్‌కి తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. హెడ్‌లైట్ల వెలుగులో ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏం చెప్తున్నారో వినబడలేదు. వైపర్లు తిరుగుతూ ఉన్నాయి. ఐదు నిమిషాలైంది, ఇంజన్ వేడెక్కింది. ఆయన కదల్లేదు. నేను హారన్ కొట్టలేదు. గేర్ వేసి, బ్రేక్ మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన బానెట్ మీది మంచుని అరచేత్తో ఒక్కసారి తుడిచి, ఒక అడుగు పక్కకి వేశారు.