కిటికీకి అడ్డొచ్చిన చెట్టు

నలభై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తూ బతికిన ఆ పెద్దమనిషికి ఒక ఊతమాట ఉండేది. బల్లమీద విప్పి పరిచిన తమ గడియారాన్ని చూసి గాభరాపడే వాళ్లతో, "ఇందులో ఊరికే కూర్చున్న చక్రం ఒక్కటీ ఉండదు. తిరగకపోయినా దాని పని దానికుంటుంది" అనేవాడు. వీధిలో అందరికీ ఆయన గడియారాలాయన. ఎదుటివాళ్లకి చెప్పే మాటని తమ చెవికి కూడా ఎక్కించుకునేవాళ్లు లోకంలో ఎందరుంటారు చెప్పండి? ఆయనా అందరిలాంటివాడే.

ఇంటి ముందుగదే దుకాణం. పక్క కిటికీ కింద బల్ల, బల్లమీద పట్టకార్లు, నూనెసీసా, డబ్బీల్లో ఆవగింజలంత మరలు, కంటికి బిగించుకునే భూతద్దం. కిటికీ అవతల చిన్న దొడ్డి. అందులో ఆయన భార్య పెంచిన రెండు పొదలు.

అవి ఆవిడ పుట్టింటి ఊరి కొండమీద తప్ప ఇంకెక్కడా పెరగని జాతి. ఆవిడ ఆ కొండకింద పుట్టిన మనిషి. పెళ్లయిన ఏడు రెండు పిలకల్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చి, బారెడు ఎడంగా నాటింది. అయిదేళ్లకి ఒకటి కాపుకొచ్చింది. పూసలంత నల్లటి పళ్లు, ముందు పులుపు, మింగాక తీపి. రెండోది పూసేది, రాల్చేది, మళ్లీ ఏపుగా పెరిగి కిటికీమీద పడేది, అంతే. తిండికి తిమ్మరాజు పనికి పోతరాజు అని ఆయన దానికి తిమ్మరాజని పేరు పెట్టాడు. కొట్టేద్దామని ఏటా ఆయన అనడం, వద్దని ఆవిడ అడ్డుపడడం. ఎందుకంటే, రెండూ కలిపే పెంచమని వాళ్లమ్మ చెప్పిందట, అంతకుమించి తనకీ తెలియదట. "దాన్ని ముట్టుకున్నారంటే ఊరుకోను" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అయిదేళ్ల కిందట పదిరోజుల జ్వరంతో ఆవిడ పోయింది. చివర్లో మంచినీళ్లు కూడా గొంతు దిగకపోతే, ఆ పళ్లు నాలుగు చిదిపి రసం నాలుకకి రాశాడు. ఆవిడ కళ్లు తెరిచి, "చెట్టు జాగ్రత్త" అంది. పిల్లలు లేరు. చీరలు ఎవరెవరికో ఇచ్చేశాడు. గోడమీద ఫోటో వెలిసిపోతోంది. ఏడాదికోసారి కొత్తగా వచ్చి ఆవిణ్ణి తెచ్చిపెట్టేవి ఆ పళ్లొక్కటే. మొదటి పండు నోట్లో వేసుకుంటే వంటింట్లోంచి ఆవిడ ఏదో సణుగుతున్నట్టే ఉండేది ఆయనకి. ఆ సణుగుడు కోసం పదకొండు నెలలు ఎదురుచూసేవాడు.

మరి అలాంటివాడు ఆ పని ఎలా చేశాడంటే, చూపు. ఆవిడ పోయిన మూడేళ్లకి చూపు మందగించింది. ఒక మధ్యాహ్నం పట్టకారులోంచి మర జారింది. రెండు గంటలు నేలమీద పాకినా దొరకలేదు. తలెత్తి చూస్తే కిటికీ నిండా తిమ్మరాజు. ఆయన లేచి గొడ్డలి తీశాడు. రెండు కొమ్మలు తీసేస్తే వచ్చే వెలుతురుకి మొత్తం చెట్టునే నరికాడు. గోటితో పోయేదానికి గొడ్డలి అని ఊరికే అన్నారా! పైగా పనిమంతుడాయె, సగంలో ఆపడు. మళ్లీ చిగురించకుండా మోడుని వేళ్లతో సహా తవ్వి, గుంటలో సున్నం పోసి పూడ్చాడు. కొమ్మలు గేటు బయట పడేస్తే ఎవరికి కావలసినవి వాళ్లు పట్టుకుపోయారు. బల్లమీద ఎండ పరుచుకుంది. ప్రాణం హాయిగా ఉందని కూడా అనుకున్నాడు.

ఆ మరుసటేడు మిగిలిన పొద విరగబూసింది. ఒక్క పిందె నిలవలేదు. వానల వల్లేమో అనుకున్నాడు. ఎరువు వేశాడు, పాదు చేశాడు, బతిమాలాడు, తిట్టాడు. ఈ ఏడూ పూలు రాలి నేలంతా తెల్లగా పడ్డాయి. అప్పుడే, కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే మేష్టారు చేతిగడియారం బాగుచేయించుకోవడానికి వచ్చాడు. గడియారాలాయన ఒక పూలరెబ్బ ఆయన చేతిలో పెట్టి సంగతి చెప్పాడు. మేష్టారు బల్లమీది భూతద్దం తీసుకుని పువ్వుని తిప్పితిప్పి చూశాడు.

"ఇది ఆడచెట్టండీ. వీటిల్లో ఆడా మగా వేరువేరుగా ఉంటాయి. పుప్పొడంతా మగచెట్టుదే. ఇన్నేళ్లూ కాసిందంటే పక్కనే ఎక్కడో ఉండాలే, ఏదీ?"

"ఇక్కడే ఉండేది" అన్నాడు గడియారాలాయన.

"ఉండేదంటే?"

గడియారాలాయన కిటికీలోంచి వస్తున్న ఎండవైపు వేలు చూపించాడు. తను నరికింది పనికిమాలిన చెట్టుని కాదు, ముప్ఫై ఏళ్ల కాపుని. అడ్డుపడడానికి ఆవిడ లేని సమయం చూసి మరీ నరికాడు.

మర్నాడే బస్సెక్కి కొండకి వెళ్లాడు. కొండెక్కడిది? కంకర తవ్వుకుపోయారు. కొండ ఉన్నచోట పెద్ద గొయ్యి, అందులో ఆకుపచ్చటి నీళ్లు. కాపలావాడు, తను అయిదేళ్లుగా ఇక్కడుంటున్నాననీ, గడ్డిపోచ కూడా మొలవగా చూడలేదనీ చెప్పాడు. అయినా ఈయన కంచె చుట్టూ ఎండలో మూడుసార్లు తిరిగాడు. తిరుగు బస్సులో పక్కవాళ్లు చూస్తున్నా కన్నీళ్లు తుడుచుకోలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. కానీ ఆకులు కూడా పట్టుకోకపోతే ఆ మనిషి ఏమైపోవాలి? కొమ్మ నాటితే ఒక్కోసారి బతుకుతుందని మేష్టారు అన్న మాట గుర్తుచేసుకుని, రెండేళ్లనాటి కొమ్మల కోసం ఇల్లిల్లూ తిరిగాడు. ఇస్త్రీ అతను అవి ఆ నెలలోనే బొగ్గయ్యాయని చెప్పాడు. వడ్రంగి తన సుత్తి చూపించాడు, దాని పిడి తిమ్మరాజుదే. గడియారాలాయన ఆ నున్నటి పిడిని బొటనవేలి గోరుతో గీకి, లోపల పచ్చగా ఉందేమో అని చూశాడు. వడ్రంగికి నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి ఆగిపోయాడు.

మిగిలింది వెనకింటావిడ. ఆవిడ చిక్కుడుతీగ గోడ దాటి వచ్చిందని ఈయన తెంపినప్పటినుంచి మాటల్లేవు. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినగారూ, ఆనాడు నరికిన మా చెట్టు కొమ్మలు మీరేమైనా తీసుకెళ్లారా?"

పాదుకి గుంజలుగా నాలుగు పాతానంది ఆవిడ. మూడు చెదలు తినేశాయట.

"నాలుగోది మహా మొండిదన్నయ్యగారూ. చినుకు పడితే చాలు, చిగుర్లేసేది. గుంజ గుంజలా ఉండాలిగానీ చెట్టవుతానంటే ఎలా? గిల్లిగిల్లి నా వేళ్లరిగాయి. పాదు ఎండిపోయిందని పీకి పారేశాను."

"ఎప్పుడు?"

"పదిరోజులై ఉంటుంది."

ఆవిడ దొడ్లో బట్టలుతికే బండ వెనక, తడినీడలో పడి ఉంది. చేతికర్రంత కర్ర, అడుగున వడిలిన వేళ్లు నాలుగైదు. గోరుతో గీకి భూతద్దం పెట్టి చూశాడు. వెంట్రుకంత పచ్చటి గీత కనిపించింది. అది పచ్చదనమో, తన ఆశో ఆయనకే తెలియలేదు. ఆవిడకి సంగతంతా చెప్పేసరికి ఆవిడ గడప మీద కూలబడి, నా చేతులు పడిపోను అని తనని తాను తిట్టుకుంది.

పాతచోటే నాటాలనుకున్నాడు. సున్నం కలిసిన మట్టిని రెండు రోజులు చేతులతో ఎత్తిపోసి, వెనకింటావిడ పాదులోని మట్టి తెచ్చి నింపాడు. మేష్టారు వచ్చి చూసి, నీడలో ఉంచి, తడి ఆరనివ్వకుండా, కదపకుండా మూడు నెలలు చూడమన్నాడు. బతికినా పూతకి మరో నాలుగేళ్లట. తనకి అరవై తొమ్మిదని గడియారాలాయన ఆయనకి చెప్పలేదు.

ఆ చోట నీడ ఎక్కడిది? ఉన్న నీడని తనే నరికాడుగా. కిటికీ పైనుంచి గోనెపట్టా కట్టి కర్రమీదికి దించాడు. బల్ల మళ్లీ చీకటయింది. గడియారాలు తెచ్చినవాళ్లని చూపు ఆనడం లేదని చెప్పి పంపేశాడు.

చిగురు రాలేదు. ఆయన మాత్రం ఊరుకోలేక పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నమొకసారి గోరుతో గీకి చూసుకునేవాడు. పచ్చగా ఉందనిపిస్తే ఆ పూట అన్నం తినేవాడు. నెల తిరిగేసరికి బెరడు నిండా గాట్లు. వెనకింటావిడ గోడమీంచి చూసి అంది:

"అన్నయ్యగారూ, నేను రెండేళ్లు గిల్లినా అది చావలేదు. మీ గోరుకి చచ్చేలా ఉంది."

ఆయన లోపలికెళ్లి తీగ కత్తిరించే చిన్న కత్తెరతో రెండు బొటనవేళ్ల గోళ్లూ నెత్తురు చెమర్చేదాకా కత్తిరించుకున్నాడు. వచ్చి గోనెపట్టా కింద చతికిలబడ్డాడు. పక్కన ఆడచెట్టు ఆఖరి పూలు రాలుస్తోంది. అలవాటున బొటనవేలు బెరడు మీదికి వెళ్లింది. గీకడానికి గోరు లేదు. వేలు అక్కడే ఉంచాడు.

"నువ్వేం పని చెయ్యక్కర్లేదురా, తిమ్మరాజూ" అన్నాడు. "ఊరికే కూర్చో, చాలు."