ఆరు పిక్కలు చాలు, ఎనిమిది వేశాను

ఇది ముందే రాయలేకపోయాను. యాభై ఏడేళ్లు వచ్చేవరకు నాకు అక్షరం రాదు. మా నాన్నా, ఇద్దరు చిన్నాన్నలూ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. ముగ్గురి క్యారేజీలూ మధ్యాహ్నం గేటు దగ్గరకు చేరాలి. ఇంట్లో పెద్దపిల్లను నేను. బడి నడిచే వేళకు నా చేతుల్లో క్యారేజీలుండేవి.

పెళ్లయ్యాక మా ఇంటికి వచ్చే కాగితాలన్నీ నా తోడికోడలే చదివేది. నాకంటే చిన్నది, అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అనేది. మా ఎదుటి క్వార్టర్లోనే ఉండేది. పదో తరగతి చదివింది. రేషన్ కాగితమైనా, మా ఆయన పెన్షన్ కాగితమైనా ఆమె ఏం చెబితే అదే నాకు తెలిసేది.

ఒక ఏడు ఏదో కాలేజీవాళ్లు మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లకు వచ్చి, ఆడవాళ్లను పన్నెండుమందిని పోగుచేశారు. ఆశ పెడితే మనుషులు ఎలా నడుచుకుంటారు, పక్కవాళ్లు చేసింది తెలిస్తే ఎలా మారతారు, అదే తమ చదువన్నారు. మనిషికొక నెంబరు, పది చింతపిక్కలు ఇచ్చారు. తెర వెనక్కి వెళ్లి కుండలో ఎన్నయినా వేయొచ్చు. కుండలో పడ్డవాటికి రెట్టింపు చేసి అందరికీ సమానంగా పంచుతారు. చేతిలో ఉంచుకున్నవి ఎవరివి వాళ్లవే. చివరికి పిక్కలకు బదులు సబ్బులూ నూనె ప్యాకెట్లూ ఇస్తారు.

ఇదంతా ఒక కాగితం మీద తెలుగులోనే ఉంది. నా కాగితం నా తోడికోడలు చదివింది.

"పదీ ఏసీయాలంట అప్పా. లేపోతే పేరు కొట్టెత్తారంట."

పదీ వేశాను. తర్వాత గోడకు లెక్క అంటించారు. అంకెలు నాకు వచ్చు. నా ఏడో నెంబరు ఎదుట పది ఉంది. ఆమెది నాలుగో నెంబరని నాకు తెలుసు, పక్కనే కూర్చున్నాను. దాని ఎదుట సున్నా. మిగతావాళ్లవి మూడూ, ఐదూ, ఆరూ.

"మిగిలినోళ్ల పేర్లు కొట్టలేదేటే?" అన్నాను.

"నేనన్నానని ఏసీడమేటి అప్పా! నీకు బుర్ర లేదా?" అని పకపకా నవ్వింది. వారం రోజులు కుళాయి దగ్గర అదే కథ. "మా అప్పకి పిక్కలిత్తే దానం సేసీసింది!" నాతోపాటు బిందె పట్టుకున్నవాళ్లంతా నవ్వారు. ఇన్నేళ్లలో ఆమె చదివిన కాగితాల్లో ఇంకెన్ని అబద్ధాలున్నాయోనని నాకు నిద్ర పట్టలేదు.

దగ్గర్లోని ఖరిదా పేటలో తెలుగు బడి నుంచి రిటైరైన టీచరమ్మ ఉండేది. రోజూ రెండు గంటలకు నడిచి వెళ్లేదాన్ని. జ్ఞానం కోసం నేర్చుకున్నానని చెప్పను. పళ్లు బిగించి నేర్చుకున్నాను. పలక మీద గీసిన ప్రతి గీతా ఆమె మొహం మీద గీస్తున్నట్టే ఉండేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు కాలేజీవాళ్లు మళ్లీ వచ్చారు. అవే నెంబర్లు. ఆమె నా కాగితం కోసం చెయ్యి చాపింది. "ఒద్దే, నాకు తెలుసులే" అన్నాను. పోయినసారి ఆటనే తలుచుకుని అన్నాననుకుంది.

కాదు. ఈసారి కింద కొత్త మాట ఉంది. లెక్క గోడకెక్కాక, మన దగ్గరున్న పిక్క ఒకటి పారేసుకుంటే ఇంకొకరి పిక్కలు మూడు తీయించవచ్చు. ఎవరు తీయించారో ఎవరికీ తెలియనివ్వరు. మనమూ బయట చెప్పకూడదు. రెండుసార్లు చదివి సంతకం పెట్టాను.

ఆమె మళ్లీ సున్నాయే వేసింది. పంపకం కలిపి ఆమె దగ్గర పద్దెనిమిది పిక్కలు. తెర వెనక నాలుగో నెంబరు రాసి, ఎనిమిది పిక్కలు పెట్టాను.

కాలేజీ తరఫున అక్కడ కూర్చున్న బెంగాలీ పిల్ల ఆశ్చర్యపోయింది. "దీదీ, ఆరు చాలు. మిగతా రెండూ మీకే నష్టం."

"ఉండనీ. ఠీక్ హై."

నా తోడికోడలు ఖాళీ చేతులతో బయటికి వచ్చింది. నాకు రెండు సబ్బులైనా వచ్చాయి. సాయంత్రమంతా ఆమె వాకిట్లో నిలబడి ఆటలో మాతో కూర్చున్న తన పక్క క్వార్టర్ ఆవిడను దుమ్మెత్తిపోసింది. "నా పిక్కలు తీయించీసినావు, నీ కళ్లు సల్లబడ్డాయా?" పాపం, ఆవిడ దేవుడి మీద ఒట్లు వేసింది. నేను లోపల కూర్చుని విన్నాను. ఎందుకో రుచించలేదు. నా దెబ్బ ఇంకొకరి పేరున పోతోంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆమె తలుపు కొట్టాను. చెప్పకూడదని సంతకం పెట్టిన సంగతి మరిచిపోలేదు.

"పక్కావిడ్ని తిట్టకే," అన్నాను. "తీయించింది నేను. కాయితం నేనే సదువుకున్నాను."