గుడివాడ గోళీలు

గిలకలదిండి రాఘవమ్మ నలభై ఏళ్లుగా బందరు వీధుల్లో చేపలమ్ముతోంది. మొప్ప ఎత్తి చూసిందంటే నిలవ చేప ఇట్టే దొరికిపోతుంది. నిలవ మనిషిని పట్టుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

మొగుడు నాంచారయ్యకు మతిమరుపు జబ్బు. రెండేళ్లుగా పెళ్లాన్ని ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. "పూర్తిగా నయం చేసే మందు లేదమ్మా" అని బందరు డాక్టరు ఉన్నమాట చెప్పాడు. ఉన్నమాట ఎవరికి కావాలి? తనను ఒక్కసారి "రాఘవా" అని పిలిస్తే చాలని ఆమె ఆశ. ఆ ఆశ పట్టుకునే గుడివాడ బస్సెక్కింది.

అక్కడ నరేంద్ర అని ఓ పెద్దమనిషి. మొన్నటిదాకా ఇళ్లస్థలాలు అమ్మాడు, ఇప్పుడు మెదళ్లు బాగుచేస్తున్నాడు. తెల్లకోటు తొడుక్కోగానే వంటబట్టే చదువు కాబోలు.

"అన్నం విషమండీ, మెతుకు తగలనివ్వద్దు. పొద్దున్నే కొబ్బరినూనె తాగించండి. ఈ చుక్కలేస్తే మూలకణాలు మేలుకుని, చచ్చిన మెదడు మళ్లీ మొలుస్తుంది" అన్నాడు.

మొలవడానికి అదేమన్నా వరినారా? రాఘవమ్మ ఆ మాట అడగలేదు సరికదా, చుక్కలతోపాటు పసుప్పచ్చ గోళీల డబ్బా కూడా మోసుకొచ్చింది.

పడవ ఒడ్డుకు రాగానే ఇంటి కూరకు నాలుగు చేపలు పక్కన పెట్టి, మిగిలినవే అమ్మడం గిలకలదిండి ఇళ్లలో ఆనవాయితీ. ఆ గోళీల కోసం రాఘవమ్మ ఆ నాలుగూ కూడా గంపలో వేసి అమ్మేసింది.

నెల తిరిగేసరికి నాంచారయ్య బక్కచిక్కిపోయాడు. ఓరోజు పక్కింటి అరుగెక్కి, "తల్లీ, మా ఇంట్లో పొయ్యి ఎలిగించట్లేదు. ఓ ముద్ద పెట్టమ్మా" అని అడుక్కున్నాడు. పేటంతా వింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

ఆ సాయంత్రం కోడలు గాయత్రి డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "ఇది చేపనూనె అత్తయ్యా! కానాగంతల్లోంచి తీత్తారంట."

రాఘవమ్మకు ఒళ్లు మండిపోయింది. కానాగంతలమ్మి కానాగంతల నూనె కొనుక్కున్న తన తెలివిని ముందు తిట్టుకుంది. తర్వాత నరేంద్రను, వాడి ఏడు తరాలను వరసపెట్టి దులిపేసింది. డబ్బా తీసుకెళ్లి పెంటకుప్పలో పారేసింది.

మర్నాడు గంపలోంచి నాలుగు కానాగంతలు తీసి చింతపండు పులుసు పెట్టింది. వేడన్నం వడ్డించి మొగుడి ముందు పెడితే అతను కంచం నాకినట్టు తిన్నాడు. ముల్లు ఒక్కటి నోట్లోకి పోనివ్వలేదు.

"మా ఆడమనిషి ఇట్టాగే వండుద్దమ్మా. రాఘవ దాని పేరు" అన్నాడు వేళ్లు నాక్కుంటూ. "నాల్రోజులై కనపడట్లా. ఎటు పోయిందో నువ్వేమన్నా చూశావా?"

రాఘవమ్మ ఇంకాస్త అన్నం వడ్డించింది.

"బుద్ధి గడ్డితిని గుడివాడ పోయిందయ్యా. వచ్చేసిందిలే, తిను."