పైపుదా, చేనుదా?

మా పెరటి గోడ అవతల చేనిగట్టు కింద వెళ్లే గ్యాస్ పైపు కారుతోందా, లేదా? పదకొండేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. ఆ గ్యాసుకి వాసన ఉండదు. అందుకే వంటింటి వెనక కిటికీ తీయను, ఉక్కలోనే వండుతాను. ఇల్లు అమ్మేద్దామంటే, కొనేవాళ్లకి ఏం చెప్పాలో తెలియదు.

ఈరోజు పొద్దున తనిఖీకి ఒకాయన వచ్చారు. చేతిలో టార్చిలైటులాంటి మిషను. అది కంటికి కనబడని పరారుణ కాంతిని నేల మీదికి వేస్తుంది. గాల్లో మీథేన్, అంటే పైపులో పోయే గ్యాసు, ఏ కాస్త ఉన్నా ఆ కాంతిని పీల్చుకుంటుంది; తిరిగొచ్చే కాంతి తగ్గితే మిషను మోగుతుంది. ఎమ్మెస్సీలో చదివిన పాఠమే. గట్టు మీదకి వెళ్లగానే మిషను కుయ్యిమంది.

"చూశారా, కారుతోందండీ!" అన్నాను.

"కంగారు పడకండి మేడమ్ గారూ. నీళ్లు పెట్టిన వరిచేలో బురద కూడా ఇదే గ్యాసు వదులుద్దండి."

"మరి ఇది పైపుదా, చేనుదా?"

"ఆ సంగతి దీనికి తెలీదండి. కోతలయ్యి చేను ఆరాక మళ్లీ చూద్దాం."

"కోతలవగానే రెండో పంటకి, దాళ్వాకి నీళ్లు పెట్టేస్తారు కదండీ!"

"అయితే ఎండాకాలం, కాలవలు కట్టేశాక వస్తానండి," అని కాఫీ తాగి వెళ్లిపోయారు. పోయినేడాది మిషను లేకుండా వచ్చినాయనా ఎండాకాలం వస్తాననే అన్నారు.

ఇన్నాళ్లూ నాది వట్టి అనుమానం. ఇప్పుడు దానికి మిషను సాక్ష్యం కూడా ఉంది, దేనికి సాక్ష్యమో మాత్రం తెలియదు. సాయంత్రం కిటికీ గడియ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. మీరైతే తీస్తారా? నేను మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.